దేవవ్వ బీరకాయను తెంపిందెవరు?

సీఐ సదానందం కన్నుగప్పి బయటపడ్డ దొంగ కరీంనగర్ జిల్లాలో ఇంతవరకు పుట్టలేదు. ఇకముందు పుట్టడు. ఈ మాట మీద నా కుడి మీసం పందెం.

జమ్మికుంట సంతలో తప్పిపోయిన బర్రెను, దాని పేడ వాసన పట్టుకుని మూడు మండలాలు దాటి వెనక్కి తోలుకొచ్చిన మనిషి ఆయన. సార్‌ను చూడగానే ఆ బర్రె లేచి నిలబడి సెల్యూట్ కొట్టిందంటారు. అది మాత్రం నేను నమ్మను. తల ఊపి ఉంటుంది, అంతే.

అలాంటి సదానందం సమక్షంలో, ఆయన రిటైరైన ఐదో ఏట, ఓ ఆదివారం పట్టపగలు, దొంగతనం జరిగింది.

పోయింది ఎండు బీరకాయ.

నవ్వకండి. ముందు వినండి.

కరీంనగర్ నుంచి జగిత్యాల పోయే రోడ్డు మీద, కొండగట్టు గుట్ట కనబడుతుండగా ఎడమచేతి వైపు మట్టిబాట చీలుతుంది. ఆ బాట చివర పద్మలత నడిపే హోటల్ ఉంది. పేరు 'పొలం బువ్వ'. పొద్దటి టిఫినూ పగటి బువ్వా ఒకే విస్తరిలో పెట్టి బ్రంచ్ అంటారు. వచ్చినవాళ్ళకు తలా ఒక బుట్ట ఇస్తారు. తోటలోకి పోయి నచ్చిన కూరగాయ మనమే తెంపుకోవాలి. తెంపింది వంటింట్లో ఇస్తే వండిపెడతారు. తోటకు పోయే ముందు పద్మలత అందరికీ ఒకటే మాట చెబుతుంది.

"ఏదన్నా తెంపుకోన్రి. గుడ్డపేలిక కట్టినయి ముట్టకున్రి. అవి మా అత్తమ్మ విత్తనానికి ఇడిసినయి."

సదానందం ఇద్దరు దోస్తులతో వచ్చాడు. ఒకడు తిమోతి, చిన్నప్పటి జతగాడు, రిటైరైన డ్రిల్లు మాస్టారు. రెండోవాడు హరీష్, టవర్ సర్కిల్ దగ్గర బట్టల షాపు. హరీష్ చేతికి ఫోను పుట్టుమచ్చలా అంటుకుని ఉంటుంది. ముద్ద నోట్లోకి పోవాలన్నా ముందు దాని ఫొటో పోవాలి.

"ఇయ్యాల చర్చి ఎగ్గొట్టిన," అన్నాడు తిమోతి బుట్ట ఊపుకుంటూ. "మోకాలు నొస్తుందని మా ఇంటామె మగ్దలేనమ్మకు చెప్పిన."

"మోకాలు నొచ్చెటోనివి తోటంత దున్నుతున్నవు గదరా!" అన్నాడు సదానందం.

"గదే నా పాపం. యాది చెయ్యకు. తిన్నది అరగదు."

చామగడ్డ మడి దగ్గర సదానందం ఆగాడు. పంచె ఎగ్గట్టి కూర్చున్నాడు.

"పట్నపోళ్ళు, చూడున్రి. చామగడ్డ తవ్వుడంటే ఏందో చూపిస్త."

"పచ్చిది గోటితోని గీకకు, గుల పుడుతది," అన్నాడు తిమోతి.

"లాఠీ పట్టిన చేతులురా ఇవి."

తవ్వాడు. గీకాడు. తడి పొట్టు అరచేతుల నిండా పులుముకున్నాడు. రెండు నిమిషాల్లో లాఠీ పట్టిన చేతులు ఎర్రచీమల పుట్టలో పెట్టినట్టు మండాయి. బుట్ట వదిలేసి, ప్రహరీ చుట్టూ తిరిగి, వెనకున్న నీళ్ళ తొట్టి దగ్గరికి పరుగెత్తాడు. చేతులు మోచేతుల దాకా తడుపుకుని, ఎర్రగా చేసుకుని, కొంచెం నెమ్మదించి తిరిగొచ్చాడు. హరీష్ పడీపడీ నవ్వాడు. అప్పుడు టైం పదిన్నర.

తరువాత బువ్వ. జొన్నరొట్టె, నాటుకోడి, సర్వపిండి, ఆ చామగడ్డ పులుసు. చలికాలపు ఎండ వీపు మీద. సదానందం ఒక చేత్తో తింటూ రెండో చేయి మోకాలికేసి రాసుకుంటూనే ఉన్నాడు.

పదకొండున్నరకు కేక వినబడింది.

"అయ్యో నా ఇత్తునం! నా తల్లిగారింటి ఇత్తునం! ఎవని చేతులు ఇరిగిపోను!"

పద్మలత అత్త దేవవ్వ. ప్రహరీ దగ్గర కర్ర పట్టుకుని నిలబడి ఉంది. డెబ్బై దాటిన మనిషి.

సదానందం లేచాడు. రిటైరైన పోలీసు లేచాడంటే మామూలుగా లేవడు. నడుముకు బెల్టు లేకపోయినా సర్దుకున్నాడు. హరీష్ ఫోను తీసి వీడియో మొదలుపెట్టాడు.

"ఏం పోయింది అవ్వా?"

"బీరకాయ కొడుకా. ఎండినది. ఇత్తునానికి ఇడిసిన."

"ఒక్కటేనా?"

"ఒక్కటే మిగిలింది. కొండగట్టు కోతులు మందలు మందలుగ వచ్చి అన్నీ కొరికి పారేసినయి. గదొక్కటే ఆకుల కింద దాసి కాపాడుకున్న."

"సంతల దొరకవా బీరగింజలు?"

ముసలమ్మ ఆయన్ను చూసిన చూపు ఏ జడ్జీ చూసి ఉండడు.

"మా తల్లిగారూరు ఆదిలాబాద్ దిక్కు. ప్రాజెక్టు నీళ్ళల్ల మునిగింది. ఇల్లు లేదు, మడి లేదు. మా అవ్వ కొంగుల కట్టిచ్చిన ఇత్తునం, గదే ఏటేటా పెడుతున్న. ఇగ ఏ సంతకు పోయి తేవాలె?"

సదానందం బెల్టు లేని నడుము మళ్ళీ సర్దుకున్నాడు.

"ఎక్కడుండె కాయ?"

దేవవ్వ కర్ర ఎత్తి గోడ మీదికి చూపించింది. మొక్క తోట వైపే ఉంది. తీగ గోడెక్కింది. మోకాళ్ళ నొప్పులతో ఆమె గోడ చుట్టూ తిరిగి పోలేదు. ఇక్కడి నుంచే రోజూ గోడ మీదికి కర్ర చాపి తడిమి చూసుకుంటుంది. సదానందం ఆమె నిలబడ్డ చోటనే నిలబడి చూశాడు. గోడ అడుగున ఒక ముక్కాలిపీట. పీట మీద తడి మట్టి, చెప్పు లేని పాదం గుర్తు.

"కోతి ఎత్కపోయిందేమోరా," అన్నాడు తిమోతి.

"కోతి ముక్కాలిపీట ఏసుకుంటదా?"

హరీష్ శబాష్ అన్నాడు. సదానందం వీపు ఇంకో అంగుళం నిటారైంది. అరచేయి గోక్కున్నాడు.

"ఈ పీట ఎవరిది?"

"నాది సార్," అని వెనకనుంచి ఒక గొంతు.

తోట పని చేసే కొండల్. పాతికేళ్ళవాడు. దుబాయిలో రెండేళ్ళుండి తిరిగొచ్చాడు. భార్య కానుపుకని ఆదిలాబాద్‌లో తల్లిగారింట్లో ఉంది. మెడలో తువ్వాల. దాని కొసకు ఒక ముడి.

"పీట ఎందుకెక్కినవు?"

"తీగ సదిరేతందుకు సార్. పొద్దుగాల రోజూ ఎక్కుత."

"పొద్దుగాల కాయ ఉండెనా?"

"ఉండె."

"ఆ ముడిల ఏమున్నది?"

కొండల్ తడబడ్డాడు. ఆ తడబాటు చాలు పోలీసుకు. సదానందం తువ్వాల అందుకుని ముడి విప్పాడు. దోసిట్లోకి నల్లటి గింజలు రాలాయి. బీరగింజలు. అప్పుడే కాయలోంచి వచ్చినవి, ఇంకా మెరుస్తున్నాయి.

"ఎక్కడియి?"

"దొరికినయి సార్."

"ఎక్కడ?"

"అవుతల తొట్టికాడ. కింద పడి ఉండె. కోళ్ళు బుక్కుతున్నయి. కోళ్ళను కొట్టి మిగిలినయి ఏరిన."

"కాయ?"

"కాయ నేను చూడలే."

"మరి అవ్వకెందుకియ్యలే?"

"ఇద్దామనే వస్తున్న సార్. గంతలనే అవ్వ మొత్తుకున్నది. మీరంత ఉరికొచ్చిన్రు."

"గోడకున్న కాయల గింజలు తొట్టికాడికి నడిచిపోయినయా? కాళ్ళున్నయా వాటికి?"

చుట్టూ చేరిన బ్రంచ్ జనం గొల్లుమన్నారు. కొండల్ తల వంచుకున్నాడు.

"అవ్వా, నిన్ను ఎవరన్న ఈ గింజలు అడిగిన్రా?"

దేవవ్వ చెప్పడానికి ఇష్టపడలేదు. చివరికి చెప్పింది. "ఈ పోరడే. మొన్న అడిగిండు. అత్తగారింటికాడ పెడుతడట. ఒక్క కాయనే ఉన్నది, వచ్చే ఏడు ఇస్తతీ అన్న."

అయిపోయింది. పీట ఉంది. పాదం ఉంది. మోటివ్ ఉంది. మాల్ దొరికింది. సదానందం చెయ్యెత్తి వేలు చూపించాడు.

"దొంగ వీడే."

పద్మలత మొహం మాడిపోయింది. "ఇంటి మనిషి లెక్క చూసుకున్నం కొండల్. రేపటికెళ్ళి రాకు," అంది. హరీష్ ఆ పాటికే వీడియోను 'సండే దోస్తులు' గ్రూపులో పెట్టేశాడు. కింద రాసిన మాట: బీరకాయ దొంగ, రిటైర్డ్ సీఐ గారు అయిదు నిమిషాల్ల పట్టిన్రు. ఆ గ్రూపులో సగం జిల్లా ఉంటుంది.

కొండల్ ఏడవలేదు. తిట్టలేదు. గింజలు దేవవ్వ కొంగులో పోసి, గేటు దగ్గర పెట్టిన బండి వైపు నడిచాడు.

ఇక్కడితో కథ ఆపితే నా మీసం నాకుండేది.

కాని సదానందానికి ఒక అలవాటుంది. ముద్దాయి చెప్పింది అబద్ధమని తెలిసినా, రిపోర్టు రాసేముందు ఆ చోటు ఒకసారి కళ్ళతో చూస్తాడు. ఎవరూ అడగకపోయినా, రిపోర్టు లేకపోయినా, కాళ్ళు అటే పోయాయి. ఒక్కడే గోడ చుట్టూ తిరిగి తొట్టి దగ్గరికి వెళ్ళాడు.

రెండు కోళ్ళు మట్టి గీరుతున్నాయి. మోరీ నోటికి ఏదో అడ్డం పడి నీళ్ళు నిలిచాయి. వంగి తీశాడు.

బీరపీచు.

కొత్తది. సగం తోలు ఇంకా ఊడలేదు. కొస విరిగి ఉంది. పీచు సందుల్లో ఎర్రమట్టి, జిగురు జిగురుగా చామగడ్డ పొట్టు. పీచును చుట్టుకుని ఎర్రంచు గుడ్డపేలిక ఒకటి.

తల ఎత్తాడు. గోడ దాటి ఇవతలికి వాలిన తీగ సరిగ్గా తొట్టి మీద వేలాడుతోంది. దాని చివర తెగిన తొడిమ. చేయి ఎత్తితే అందేంత ఎత్తులో.

ఆయన చేయి ఎత్తితే.

మొదట నేనొక గొప్ప మాట అన్నాను. ఆయన కన్నుగప్పిన దొంగ జిల్లాలో పుట్టలేదన్నాను. తప్పు. పుట్టాడు. ధర్మపురి దగ్గర పల్లెలో, అరవై మూడేళ్ళ కింద, శుభ్రంగా పుట్టాడు. పుట్టి, పెరిగి, పోలీసై, పెన్షన్ కూడా తీసుకుంటున్నాడు. నా కుడి మీసం తీసుకుపొండి. ఎడమదొక్కటి ఏం బాగుంటుంది, అదీ తీసుకోండి.

సదానందం తొట్టి గట్టు మీద కూలబడ్డాడు. ఇప్పుడు గుర్తొచ్చింది. చిన్నప్పుడు ఊళ్ళో నీళ్ళు పోసుకునే ప్రతి జాలారి గోడకు ఒక ఎండు బీరకాయ వేలాడేది. దాన్ని బండకేసి కొడితే గింజలు రాలేవి, తోలు ఊడేది, పీచుతో ఒళ్ళు తోముకునేవాళ్ళు. నీళ్ళ దగ్గర వేలాడే ఎండు బీరకాయ ఆయన లెక్కలో కాయే కాదు. సబ్బు ఎంతో అదీ అంతే. చేతులు మండుతుంటే కళ్ళు చేతుల మీదే ఉన్నాయి. చేయి పైకి పోయింది, లాగింది, గట్టుకేసి కొట్టింది, తోమింది, పారేసింది. పేలిక కనబడలేదు. కాయను తెంపినట్టే ఆయనకు తెలియదు. గుల తగ్గిందన్న సుఖం ఒక్కటే గుర్తుంది.

"ఏంరా, దొంగ ఇంకొకడున్నడా?"

తిమోతి వచ్చాడు. సదానందం చేతిలో పీచు చూశాడు. ఆయన అరచేతులు చూశాడు. డ్రిల్లు మాస్టారికి లెక్కలు రావంటారు, ఈ లెక్క మాత్రం వచ్చింది.

"ఓరి దేవుడా."

తిమోతి చుట్టూ చూశాడు.

"ఎవ్వలు చూడలే," అన్నాడు తిమోతి మెల్లగా. "అది చెట్లల్ల పారెయ్యి. కోతులని చెబుదాం. పిల్లగాన్ని మళ్ళ పనిల పెట్టుమని పద్మలతకు నేను చెబుత. పా, కారెక్కుదాం."

సదానందం నిజంగానే లేచాడు. నిజంగానే రెండడుగులు పొదల వైపు వేశాడు. అబద్ధమెందుకు చెప్పాలి, చేయి కూడా వెనక్కి ఎత్తాడు.

గోడవతల బండి స్టార్టయిన చప్పుడు.

చేయి దిగిపోయింది.

"వాడు ఏరకపోతే అవ్వకు ఒక్క గింజ మిగిలేది గాదు తిమోతీ. నేను గింత గుల కోసం పారబోసిన. వాడు వంగి ఏరిండు. నేను వాన్ని దొంగ అన్న. నవ్వించుకుంట అన్న."

"నాకేం చెబుతవురా. నేను మోకాలి పేరు మీద దేవునికే అబద్ధం చెప్పొచ్చిన." తిమోతి గేటు వైపు తిరిగాడు. "ఉరుకు. నేను బండిని ఆపుత."

మోకాలు నొస్తోందన్న మనిషి ఎలా ఉరికాడో మగ్దలేనమ్మ చూడలేదు కనుక సరిపోయింది.

పన్నెండుంబావుకు సదానందం అందరినీ మళ్ళీ గోడ దగ్గరికి పిలిచాడు. పద్మలత, దేవవ్వ, బ్రంచ్ జనం, బండి దిగి మొహం పక్కకు తిప్పుకున్న కొండల్.

"హరీషూ, ఫోన్ తియ్యి."

"మళ్ళీనా అన్నా?"

"తియ్యి. నా మొఖం కనబడాలె."

పీచు పైకెత్తి చూపించాడు.

"మనం అందరం ఈ దిక్కు నిలబడి చూసినం. కాయ ఆ దిక్కు ఉండె. కొండల్ తొట్టికాడ దొరికినయి అన్నడు. గింజలకు కాళ్ళున్నయా అని నేను నవ్విన. పోయి చూడలే. పోయి చూస్తే, కాయ తొట్టి మీదనే వేలాడుతుండె. దీన్ని తెంపినోడు విత్తనం కోసం తెంపలే. విత్తనం కావాలంటే గింజలు పారబోస్తడా? పీచు కోసం తెంపిండు. ఇగో, పీచుకు చామగడ్డ పొట్టు. ఇయ్యాల ఈ తోటల చామగడ్డ గీకినోడు ఒక్కడే."

ఎర్రటి రెండు అరచేతులూ ఫోను ముందు పెట్టాడు.

"పొద్దటికెళ్ళి మీ అందరి ముందట గోక్కుంటనే ఉన్న. ఎవ్వలు అడగలే. దొంగను పట్టెటోని చేతులు ఎవరు చూస్తరు? నేను కూడ చూడలే. దొంగ నేను. కొండల్ గింజలు కాపాడినోడు."

ఎవరి విస్తరిలోనో పెరుగు మీద ఈగ ముసిరింది.

ముందు మాట్లాడింది దేవవ్వ.

"పేలిక కట్టిన. ఎర్రంచు పేలిక. గుడ్డోడు సుత తడిమి ఇడిసిపెడుతడు. నీకు కండ్లెందుకిచ్చిండు కొడుకా దేవుడు?"

"తప్పయింది అవ్వా."

"నాకు చెప్పకు. నా కొంగుల గింజలున్నయి. ఆ పోరని కొంగుల ఏమున్నది?"

సదానందం కొండల్ వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. కొండల్ గభాలున పట్టుకుని దించాడు. "వద్దు సార్. పెద్దోళ్ళు." అంతే అన్నాడు. ఆ గొంతులో కోపముంటే బాగుండేది. లేదు. పద్మలత పనికి రమ్మంది. వస్తానన్నాడు.

హరీష్ రెండో వీడియో కూడా గ్రూపులో పెట్టాడు. కాని లోకం తీరు తెలిసిందే. దొంగ దొరికాడంటే ప్రతివాడూ పంపుతాడు. దొంగ కాదంటే ఎవడు పంపుతాడు? మొదటిది సాయంత్రానికి జగిత్యాల దాటి, మంచిర్యాల దాటి, ఆదిలాబాద్‌లో కొండల్ అత్తగారి వాడకట్టుకు చేరింది. రెండోది గంగాధర క్రాసింగ్ దగ్గరే నిలబడిపోయింది.

ఆ రాత్రి కొండల్ భార్య ఫోను ఎత్తలేదు.

ఈ సంగతి తిమోతి చెబితే సదానందానికి తెలిసింది. తెల్లవారి కారు తీశాడు. కొండల్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఆదిలాబాద్ దారి పట్టాడు. దారి పొడవునా పత్తి ట్రాక్టర్లు.

కొండల్ మామ జిన్నింగ్ మిల్లులో పనిచేస్తాడు. అత్త సత్తమ్మ వాకిట్లో కూర్చుని ఉంది. వాడకట్టంతా పోగయింది. సదానందం నిలబడి మొత్తం చెప్పాడు. ఆ దొంగతనం తనదేనని మూడుసార్లు చెప్పాడు.

మామ చేతులు జోడించాడు. "అరే సాబ్, గిదేం మజాక్? మీరు పోలీసు ఆఫీసరు. మీరు బీరకాయ దొంగతనం చేసుడేంది?"

"ధర్మాత్ముడు," అంది సత్తమ్మ కళ్ళొత్తుకుంటూ. "మా అల్లున్ని బచాయించుటానికి తన మీదేసుకుంటున్నడు."

వాడకట్టంతా ఔనంది. కొండల్ మొహం ఇంకా నల్లబడింది. జన్మలో మొదటిసారి సదానందానికి, నేరం ఒప్పుకున్నా నమ్మనివాళ్ళు ఎదురయ్యారు. ఎంతమందితో బలవంతాన ఒప్పించాడో, ఆ పాపమంతా వాకిట్లో చుట్టుకున్నట్టయింది. పరేషాన్‌లో చుట్టూ చూశాడు. జాలారి దగ్గర గోడకు ఎండు బీరకాయ ఒకటి వేలాడుతోంది.

"నమ్మరా? ఎట్ల చేసిన్నో చూడున్రి!" ఒక్క అంగలో పోయి కాయను గుంజాడు. బండకేసి ఫటీమని కొట్టాడు. గింజలు వాకిలంతా చెల్లాచెదురు.

"అయ్యయ్యో, మా ఇత్తునం బీరకాయ!" సత్తమ్మ రొమ్ము బాదుకుంది. "నువ్వే! నువ్వే దొంగవు! ఓ పోశమ్మా, అల్లుడు కాదే, ఈ పెద్దమనిషేనే!"

వాడకట్టంతా నమ్మింది. లోపల్నుంచి కొండల్ భార్య నిండు కడుపుతో గడపలోకి వచ్చి నిలబడి, "బువ్వ తిన్నవా?" అని మొగుణ్ణి అడిగింది. కొండల్ ఆమెను చూశాడు. గింజల మధ్య మోకాళ్ళ మీద పాకుతున్న రిటైర్డ్ సీఐని చూశాడు. పగలబడి నవ్వాడు.

ఇందులో బర్రె సెల్యూట్ నా కల్పన కాదు, విన్నదే చెప్పాను. ఆదిలాబాద్‌లో రెండో కాయ పగిలిన మాట కూడా నిజం. నేను కల్పించింది ఒక్కటే. ఆ నవ్వు. కొండల్ ఆనాడు నవ్వలేదు. ఇప్పటికీ సదానందాన్ని చూస్తే నమస్తే సార్ అంటాడు, మంచినీళ్ళిస్తాడు, పక్కకు తప్పుకుంటాడు. సదానందమే నా దగ్గరికొచ్చి అడిగాడు. "నీ కథలనన్న పిల్లగాన్ని ఒక్కసారి నవ్వనియ్యి," అన్నాడు. కాదనలేక పెట్టాను.